రిమోట్ డెస్క్‌టాప్ కలవట్లేదా? కొత్త రౌటర్ కొనే ముందు: అపోహలు - వాస్తవాలు

"పోర్ట్ ఫార్వర్డ్ చేశాను, ఫైర్‌వాల్ కూడా ఆపేశాను. అయినా ఆఫీసు నుంచి ఇంటి కంప్యూటర్ కలవట్లేదు. రౌటర్ మార్చేయమంటారా?" ఈ ప్రశ్న పదే పదే వస్తూనే ఉంది. మార్చకండి. ముందు ఆ ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చేయండి.

అపోహ: పోర్ట్ ఫార్వర్డ్ రూల్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను ఇంట్లో ఫలానా కంప్యూటర్‌కు పంపమని రౌటర్‌కు చెప్పే సెట్టింగ్) సరిగ్గా పెట్టినా కలవలేదంటే రౌటర్ పాడైనట్టే.

వాస్తవం: చాలా ఇళ్లలో బయటి రిక్వెస్ట్ రౌటర్ దాకా రానే రాదు. ఐపీవీ4 అడ్రసులు (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే నంబర్లు) చాలక ప్రొవైడర్లు ఒకే పబ్లిక్ ఐపీని ఎన్నో కనెక్షన్లకు పంచుతున్నారు. దీన్నే సీజీనాట్ అంటారు. బయటి నుంచి వచ్చినదాన్ని ఏ ఇంటికి పంపాలో తెలియక ప్రొవైడర్ దగ్గరే వదిలేస్తారు. మీ రౌటర్‌లోని రూల్‌ను అడిగే నాథుడే ఉండడు. ఎంత ఖరీదైన రౌటర్ తెచ్చినా ఇంతే.

తేల్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు. రౌటర్ పేజీ (192.168.1.1 లేదా 192.168.0.1) తెరిచి, స్టేటస్‌లో వాన్ ఐపీ (ప్రొవైడర్ వైపు నుంచి రౌటర్‌కు వచ్చిన అడ్రసు) చూసి కాగితం మీద రాసుకోండి. వీపీఎన్ ఉంటే ఆపి, అదే వైఫై మీద బ్రౌజర్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని వెతకండి. అక్కడ కనిపించే ఐపీవీ4 అడ్రసు, కాగితం మీదిది ఒకటే కావాలి. కాకపోతే పోర్ట్ ఫార్వర్డ్ జోలికి వెళ్లకండి. వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే అది సీజీనాటే. 2012లో ఆ శ్రేణిని ఇందుకే కేటాయించారు. 10తో మొదలైనా ఎక్కువగా ఇదే సంగతి.

192.168తో మొదలైతే ముందు ఇంట్లో చూడండి. ఫైబర్ వాళ్లిచ్చిన ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి తగిలే పెట్టె) వెనకాల మీ సొంత రౌటర్ తగిలించి ఉంటారు. అది డబుల్ నాట్, అంటే రెండు పెట్టెలూ రౌటర్ పనే చేయడం. ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మాని కనెక్షన్‌ను అలాగే దాటించేలా) పెట్టించి, వాన్ ఐపీ మళ్లీ సరిచూడండి.

సీజీనాట్ అని తేలితే దారులు రెండు. ప్రొవైడర్‌ను స్టాటిక్ పబ్లిక్ ఐపీ అడగండి. మామూలుగా అదనపు రుసుము ఉంటుంది. లేదా రెండు కంప్యూటర్లలోనూ టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (రెండిటినీ ఒకే ప్రైవేటు నెట్‌వర్క్‌లో కలిపే సాఫ్ట్‌వేర్) వేసుకోండి. రెండూ లోపలి నుంచి బయటికే కనెక్ట్ అవుతాయి కాబట్టి పోర్ట్ తెరిచే పనే లేదు. ఇళ్లకు నేను చెప్పేది ఈ రెండోదే. అది ఇచ్చే అడ్రసు కూడా 100తోనే మొదలవుతుంది, చూసి కంగారు పడకండి.

అపోహ: రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్ నంబరు 3389 బదులు వేరేది పెడితే ఎవరికీ దొరకదు.

వాస్తవం: దొరుకుతుంది. స్కానర్లు అన్ని పోర్టులూ తడుముతాయి. పోర్ట్ తెరిచి ఉంచిన కంప్యూటర్‌లో ఈవెంట్ వ్యూయర్ తీసి సెక్యూరిటీ లాగ్‌లో 4625 నంబరు ఎంట్రీలు చూడండి: అడ్మినిస్ట్రేటర్, టెస్ట్, యూజర్ అంటూ ఊరూపేరూ తెలియని చోట్ల నుంచి వరసగా విఫలమైన లాగిన్లు. వీపీఎన్ లేకుండా ఆర్‌డీపీని (రిమోట్ డెస్క్‌టాప్‌ను) నేరుగా ఇంటర్నెట్‌కు వదలొద్దు. డీఎంజెడ్‌లో (బయటి కనెక్షన్లన్నీ ఒకే కంప్యూటర్‌కు వదిలే రౌటర్ సెట్టింగ్) కంప్యూటర్‌ను పెట్టడం ఇంకా ప్రమాదం.

మిగతావి గబగబా. ఇంటి వైఫై మీద నుంచే పబ్లిక్ ఐపీకి కనెక్ట్ చేసి "పనిచేయట్లేదు" అనుకోకండి, కొన్ని రౌటర్లు అలా వెనక్కి తిప్పి పంపవు. మొబైల్ డేటా మీద పరీక్షించండి. పింగ్‌కు (కంప్యూటర్ పలుకుతుందో చూసే పరీక్ష) జవాబు రాకపోయినంత మాత్రాన కంప్యూటర్ ఆగిపోయినట్టు కాదు. నిన్న పనిచేసి ఇవాళ ఆగితే లోపలి ఐపీ మారి ఉండొచ్చు, డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (కంప్యూటర్‌కు ఎప్పుడూ ఒకే లోపలి ఐపీ ఇచ్చే రౌటర్ సెట్టింగ్) చేయండి. విండోస్ హోమ్ ఎడిషన్ ఆర్‌డీపీ కనెక్షన్ తీసుకోదు, ప్రో కావాలి. స్లీప్‌లోకి పోయిన కంప్యూటర్ కూడా పలకదు.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టాక అవి చెల్లవని చెప్పి ఆగిందా? అయితే నెట్‌వర్క్ బాగానే ఉంది, రౌటర్‌ను వదిలేయండి. రోజూ కొట్టే పిన్ అక్కడ చెల్లదు, అకౌంట్ పాస్‌వర్డే కావాలి. లోకల్ అకౌంట్‌కు అసలు పాస్‌వర్డే లేకపోతే ముందు ఒకటి పెట్టండి.