అటక మీది డిస్కు కెమెరాతో ఫోటోలు తీయాలనుకునే పిల్లలకు

మైలాపూర్, చెన్నై

మనవళ్లకు, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

అటక మీంచి దించి మీరు వేళచ్చేరి పట్టుకెళ్లిన కామ్‌కార్డర్‌తో, అదే చిన్న డీవీడీ మీద రికార్డు చేసే పాత వీడియో కెమెరాతో, ఫోటోలు తీయొచ్చా, పళ్లికరణై చిత్తడి దగ్గర పక్షులకు పనికొస్తుందా అని అడిగారు. ఫోన్‌లో చెబుదామంటే నేను అసలు విషయానికి వచ్చేసరికి మీ అమ్మ అన్నానికి పిలుస్తుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ముందే చెప్పేస్తా: పక్షులకు పనికొస్తుంది, మీ బర్త్‌డే గ్రూప్ ఫోటోకి పనికిరాదు. ఎందుకో కూడా తెలిస్తే దాన్ని తిట్టుకోకుండా వాడుకోగలుగుతారు.

అది వీడియో కోసం తయారైన మెషిన్. ఫోటో దానికి పక్కపని. అయినా దానికి ముందు వచ్చిన టేపు కెమెరాలతో పోలిస్తే ఇది చాలా నయం. మినీడీవీ టేపు కామ్‌కార్డర్లలో కూడా ఫోటో బటన్ ఉండేది. నొక్కితే ఏమయ్యేదో తెలుసా? బొమ్మ అలాగే ఆగిపోయి, టేపు మీద ఓ ఏడు సెకన్లపాటు కదలని వీడియోగా ఎక్కేది. తర్వాత ఆ ఫోటో కావాలంటే టేపు వెనక్కి తిప్పుకుంటూ, ముందుకు తిప్పుకుంటూ వెతుక్కోవాలి. 2000లో హిటాచి 8 సెంటీమీటర్ల చిన్న డీవీడీ మీద రికార్డు చేసే కామ్‌కార్డర్ తెచ్చింది. తర్వాత సోనీ, పానసోనిక్, కెనాన్ కూడా ఆ దారి పట్టాయి. డిస్కు వచ్చాక తిప్పుకునే బాధ పోయింది. తీసినవన్నీ తెర మీద చిన్న చిన్న బొమ్మలుగా వరసగా కనిపిస్తాయి, కావలసిందాని మీద వేలు పెడితే చాలు. ఫోటో కూడా వీడియోలో కలిసిపోకుండా విడిగా జేపెగ్ ఫైలుగా ఉంటుంది.

డిస్కే ఎందుకు, ఇప్పట్లా మెమరీ కార్డు పెట్టుకోవచ్చు కదా అంటారేమో. అప్పట్లో ఎక్కువ పట్టే కార్డు కొనడమంటే మాటలు కాదు. అందుకే అచ్చంగా ఫోటోల కోసం చేసిన కెమెరాల్లో కూడా డిస్కులు దూరాయి. సోనీ మావికా అని 1997లో వచ్చినది 1.44 ఎంబీ ఫ్లాపీ మీద ఫోటోలు దాచేది. 2000లో వచ్చిన ఇంకో మావికాకి 156 ఎంబీ పట్టే చిన్న సీడీ పెట్టారు. దాని పక్కన మన కామ్‌కార్డర్ డిస్కు 1.4 జీబీ అంటే ఆ రోజుల్లో పెద్ద ఇంటి కిందే లెక్క. వీడియో మాత్రం మంచి క్వాలిటీలో పెడితే 20 నిమిషాలకే నిండిపోతుంది. ఫోటోలైతే వేలల్లో పడతాయి, ఆ విషయంలో టెన్షన్ అక్కర్లేదు.

ఇక ఫోటో సైజు సంగతి. మన దాంట్లో ఫోటో 640 అడ్డం, 480 నిలువు. గుణిస్తే 3,07,200 పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు. స్టూడియోలో 4×6 ప్రింటు శుభ్రంగా రావాలంటే అంగుళానికి 300 చొప్పున 1800×1200 కావాలి, అంటే 21 లక్షల పైచిలుకు. మన ఫోటో అందులో ఏడో వంతు. అదే లెక్కన దాన్ని నాణ్యంగా ప్రింటు తీస్తే రెండంగుళాల వెడల్పు వస్తుంది, పర్సులో పెట్టుకోవడానికి సరిపోతుంది. డబ్బా మీద 8 లక్షల పిక్సెళ్లని రాసుంటే నమ్మి మోసపోకండి. అది సెన్సార్‌లో, అంటే లోపల వెలుతురును పట్టే చిప్పులో, ఉన్న మొత్తం. వాటిలో కొన్ని చేతి వణుకు సరిచేయడానికి పోతాయి, కొన్ని అసలు వాడకంలోకే రావు. చేతికొచ్చే ఫోటో ఎంతో చెప్పకుండా సెన్సార్ లెక్క పెద్దక్షరాల్లో వేయడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. మెనూలో ఫోటో క్వాలిటీ ‘ఫైన్’ అని, ‘స్టాండర్డ్’ అని రెండుంటాయి. ఫైన్‌లోనే ఉంచండి. ఉన్నదే తక్కువ, దాన్ని ఇంకా పిసకడం దేనికి?

వీడియో తీసి, కంప్యూటర్‌లో ఆపి, ఆ ఫ్రేమును ఫోటోగా తీసుకుంటే పోలేదా అని పెద్దోడు అడుగుతాడని తెలుసు. తీసుకోవచ్చు. మన దేశంలో అమ్మిన కెమెరాలు పాల్ అనే టీవీ పద్ధతివి, ఫ్రేము 720×576 ఉంటుంది. ఫోటో కన్నా పెద్దదే. అయితే ఒక చిక్కుంది. ఈ కెమెరా బొమ్మ మొత్తాన్ని ఒకేసారి తీయదు. ముందు బేసి గీతలు, సెకనులో యాభయ్యో వంతు తర్వాత సరి గీతలు తీసి, రెండూ కలిపి ఒక ఫ్రేమంటుంది. ఈ మధ్యలో పక్షి రెక్క కదిలిందనుకోండి, ఆపి చూస్తే రెక్క అంచంతా దువ్వెన పళ్లలా చీలికలుగా కనిపిస్తుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో డీఇంటర్లేస్ అనే ఆప్షన్ పెడితే చీలికలు పోతాయి, కానీ దానితోపాటు బొమ్మలో కొంత పదును కూడా పోతుంది. కాబట్టి ఎగిరే పక్షికి ఈ దారి వద్దు. ఒంటికాలి మీద కదలకుండా నిలబడ్డ పక్షికైతే భేషుగ్గా ఉంటుంది.

గ్రూప్ ఫోటోకి ఎందుకు పనికిరాదో మీ హాల్లోనే చూడొచ్చు. జూమ్ పూర్తిగా వెనక్కి లాగి, సోఫాలో కూర్చున్నవాళ్లను తెరలో చూడండి. ముగ్గురు పడతారు, నాలుగోవాళ్ల చెవి తెగుతుంది. వెనక్కి జరుగుదామంటే గోడ. వంటింటి గుమ్మంలోకి వెళ్లి తీస్తే మీ బామ్మ కూడా పడుతుంది, కానీ ఆ లోపలి వెలుతురులో అందరి మొహాలూ గరుకుగా, ఇసుక చల్లినట్టు వస్తాయి. మీ నాన్న ఫోన్ లెన్స్, పాత ఫిల్మ్ కెమెరా లెక్కలో, 24, 26 మిల్లీమీటర్ల వెడల్పు చూపు ఉన్నది. ఇలాంటి కామ్‌కార్డర్లు మామూలుగా 40 దాటాకే మొదలవుతాయి. ఆ అంకె పెరిగేకొద్దీ చూపు ఇరుకవుతుంది, దూరంగా ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి. పైగా సెన్సార్ వెడల్పు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. అంత చిన్నదానికి ట్యూబ్‌లైట్ వెలుతురు ఏం సరిపోతుంది? మన దానికి ఫ్లాష్ కూడా లేదు.

ఇప్పుడు దాన్ని పట్టుకుని పళ్లికరణైకి వెళ్లండి, మెషిన్ మారిపోయిందా అనిపిస్తుంది. తొరైపాక్కం నుంచి పల్లావరం వెళ్లే రేడియల్ రోడ్డు పక్కన నిలబడితే పక్షులన్నీ ఎక్కడో నీళ్ల మధ్యలో తెల్లటి చుక్కల్లా ఉంటాయి. ఫోన్‌లో జూమ్ చేస్తే మీకు వచ్చేది ఉత్త మసక. మన కామ్‌కార్డర్ ఒంటి మీద 20x అని ఉంది చూడండి, అది అసలైన గాజు జూమ్. పైన చెప్పిన 40ని 20తో గుణించుకోండి, 800 మిల్లీమీటర్లు. ఫోటోగ్రాఫర్లు అలాంటి లెన్స్ కొనాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలి, మోయడానికి ఇంకో మనిషి కావాలి. మీకు అరచేతిలో ఇమిడిపోయింది. గూడబాతు ముక్కు కింద వేలాడే సంచి కూడా కనిపిస్తుంది. సీజన్లో ఫ్లెమింగోలు వస్తే ఇక పండగే.

దాని పక్కనే 800x అని కూడా రాసుంటుంది. అది డిజిటల్ జూమ్, అంటే ఉన్న కాసిని పిక్సెళ్లనే సాగదీయడం. మెనూలోకి వెళ్లి ముందు దాన్ని ఆపేయండి. అంత దూరానికి చేయి కాస్త వణికినా ఫోటో చెదురుతుంది, కెమెరా సరిచేస్తుందిలే అని ఊరుకోవద్దు. రెయిలింగ్ మీదో పిట్టగోడ మీదో ఆనించి, ఊపిరి బిగబట్టి తీయండి. పొద్దున వెళ్లండి, ఎండ మీ వెనక ఉండేలా నిలబడండి. రోడ్డు మీదికి మాత్రం రాకూడదు, ఆ లారీలకు మీరు పక్షుల్ని చూస్తున్నారన్న సంగతి తెలియదు.

ఇంకో సుగుణం, తిరిగే తెర. మా వీధిలో పంగుణి ఉత్సవానికి మీరు వస్తారు కదా, అరుబత్తిమూవర్ రోజున కపాలీశ్వరుడి మాడవీధుల్లో ఇసకేస్తే రాలదు. అరవై ముగ్గురు నాయన్మార్ల, అంటే ఆనాటి శివభక్తుల, విగ్రహాలు పల్లకీల్లో వస్తుంటే ముందున్నవాళ్ల జడలు, ఎత్తిన ఫోన్లు తప్ప మీకేమీ కనిపించవు. అప్పుడు కెమెరాను నెత్తి మీదికి ఎత్తి, తెరను కిందికి వంచండి. పల్లకీ మీద మూర్తి ఎక్కడున్నాడో కింద నిలబడే చూస్తూ తీయొచ్చు. చీకటి పడ్డాక తీస్తే ఫోకస్ లైటు ఉన్నచోట నిలువునా ఓ తెల్లటి చార వస్తుంది. సీసీడీ అనే పాత రకం సెన్సార్లకు ఉన్న జబ్బే అది. ఒకప్పుడు ఆ చార వచ్చిన ఫోటో పారేసేవాళ్లం, మీ అక్క దాన్నే వింటేజ్ లుక్ అంటోంది. సరే, మీ ఇష్టం.

అసలు విసుగంతా డిస్కుతోనే. ఆన్ చేయగానే ఫోటో తీసేద్దామంటే కుదరదు. డిస్కు తిరగడం మొదలుపెట్టాలి, లోపలేముందో చదువుకోవాలి, గుర్రుగుర్రుమంటుంది. ఒక ఫోటో తీశాక అది రాసుకునేదాకా ఇంకోటి తీయనివ్వదు. ఈలోగా పక్షి పక్కూరు వెళ్లిపోతుంది. కాబట్టి చోటు చేరగానే ఆన్ చేసి, సిద్ధంగా ఉంచి, అప్పుడు పక్షి కోసం చూడండి. ఎర్ర దీపం వెలుగుతున్నంతసేపూ రాస్తోందని అర్థం. అప్పుడు కుదిపినా, బ్యాటరీ లాగినా ఆ ఫోటోతోపాటు ముందువి కూడా పోయే ప్రమాదం ఉంది.

డిస్కుల్లో రకాలున్నాయి. డీవీడీ-ఆర్ మీద ఒకసారి రాస్తే అంతే, ఫోటో బాగా రాలేదని చెరిపేద్దామన్నా స్థలం తిరిగి రాదు. ఆర్‌డబ్ల్యూ అయితే ఫార్మాట్ చేసి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు, కాకపోతే ఫార్మాట్ అంటే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. మీరు నేర్చుకునేటప్పుడు ఆర్‌డబ్ల్యూ వాడండి. చిన్నోడి చేతికి ఇచ్చేటప్పుడు మాత్రం ఆర్ ఇవ్వండి, వాడు ఏ బటన్ నొక్కినా ఉన్నవి పోవు.

తీసిన డిస్కును తిన్నగా కంప్యూటర్‌లో పెడితే ఖాళీగా ఉందంటుంది, భయపడకండి. ముందు కెమెరాలోనే ‘ఫైనలైజ్’ చేయాలి. అది అయ్యేదాకా సాధారణంగా ఆ కెమెరా తప్ప ఇంకేదీ డిస్కును చదవలేదు. ఇందులో ఒక వింత ఉంది. నాలుగు ఫోటోలే ఉన్న డిస్కుకు, నిండా రాసిన డిస్కు కన్నా ఎక్కువ సమయం పడుతుంది. మామూలు ప్లేయర్ చదవాలంటే డిస్కు మీద కొంత మేర రాత ఉండి తీరాలి, ఖాళీగా ఉన్నదాన్ని కెమెరా ఉత్తుత్తి రాతతో నింపుకుంటూ కూర్చుంటుంది. అప్పుడు బ్యాటరీ మీద నమ్మకం పెట్టుకోవద్దు, ఛార్జర్ గుచ్చి ఉంచండి. అంతా అయ్యాక డీవీడీ ప్లేయర్‌లో పెడితే వీడియో వస్తుంది, ఫోటోలు రాకపోవచ్చు. కెమెరా మెనూలో ‘ఫోటో మూవీ’ ఉంటే, ఫైనలైజ్‌కి ముందే అది నొక్కండి. ఫోటోలన్నిటినీ వరసగా వీడియోగా చేసి పెడుతుంది. బామ్మ టీవీలో చూడటానికి అదే సుఖం. కంప్యూటర్‌లో అయితే డీసీఐఎం అనే ఫోల్డర్‌లో ఉంటాయి.

కంప్యూటర్ అన్నాను గానీ, సన్నటి సందులోంచి డిస్కును లోపలికి లాక్కునే డ్రైవులో ఈ బుల్లి డిస్కు పెట్టారో, ఇక బయటికి రాదు. ట్రే బయటికి వచ్చే రకం కావాలి. ట్రే మధ్యలో ఇంకో చిన్న గుండ్రటి పల్లం ఉంటుంది చూడండి, అది ఈ 8 సెంటీమీటర్ల డిస్కు కోసమే. మీ ల్యాప్‌టాప్‌కి అసలు డ్రైవే లేదు కాబట్టి రిచీ స్ట్రీట్‌లో యూఎస్‌బీ డ్రైవు ఒకటి తీసుకోమని మీ నాన్నకు చెప్పండి, ట్రే రకం అని గట్టిగా అడగమనండి. ఖాళీ డిస్కులు కూడా అక్కడే దొరకవచ్చు.

మన ఊరి గాలి గురించి కూడా చెప్పాలి. ఏసీ గదిలోంచి తిన్నగా బయటి ఉక్కలోకి తెస్తే లోపలి లెన్స్ మీద, డిస్కు మీద చెమ్మ పడుతుంది, కెమెరా మొరాయిస్తుంది. ఓ గంట అలా వదిలేస్తే అదే ఆరుతుంది, హెయిర్ డ్రయర్లు పెట్టకండి. బీసెంట్ నగర్ బీచ్‌లో డిస్కు మూత తెరవద్దు, ఒక్క ఇసుక రేణువు చాలు. డిస్కు మీద స్టిక్కర్లు అంటించొద్దు, బరువు ఒక పక్కకు పోయి తిరిగేటప్పుడు ఊగుతుంది. పేరు రాయాలంటే మెత్తటి మార్కర్‌తో పైవైపు రాయండి.

అదే సంచీలో నా పాత డిస్కులు కొన్ని ఉన్నాయి, వాటిని పిల్లలాటలకు వాడకండి. ఆర్ డిస్కులో రాత నిలిచేది రంగు పొర మీద. ఎండకు, వేడికి ఏళ్లు గడిచేకొద్దీ అది దెబ్బతింటుంది. వాటిలో ఫైనలైజ్ చేయనివి కూడా కొన్ని ఉన్నాయి. వాటిని తెరిచే తాళంచెవి ఇప్పుడు మీ దగ్గరున్న కెమెరా ఒక్కటే. అందుకని డ్రైవు కొన్నాక పక్షుల కన్నా ముందు వాటిని ఫైనలైజ్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చూడండి. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే ఛార్జింగ్ పెట్టకుండా మీ నాన్నకు చూపించండి. ఆదివారం వచ్చేటప్పుడు కెమెరా, ఛార్జరు, డిస్కుల సంచీ మూడూ తీసుకురండి. ఏ డిస్కులో ఏముందో నేను చెబుతా, అక్క రాసుకుంటుంది.

ఇట్లు,
మీ తాతయ్య