వెనుక బల్ల ఖాళీ: కృత్రిమ మేధకు ముందు కథ

నాలుగో తరగతిలో భిన్నాల పాఠం జరుగుతోందనుకోండి. మూడింట ఒకటి, నాలుగింట ఒకటి, వీటిలో ఏది పెద్దదని బోధన నేర్చుకుంటున్న ఛాత్రోపాధ్యాయురాలు అడిగింది. "మూడుకన్నా నాలుగు పెద్దది కాబట్టి నాలుగింట ఒకటే" అన్నాడో పిల్లవాడు. ఇప్పుడేం చేయాలో ఆమె రాసుకున్న పాఠ్య ప్రణాళికలో లేదు. వెనుక బల్ల మీద కూర్చుని ఇదంతా చూసిన పెద్ద టీచరు ఉంటే, కాగితాన్ని మడిచి చూపించమని సాయంత్రం చెప్పేవారు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఆ ఒక్క టీచరూ మిగతా తరగతులు చూసుకోవాలి, కాబట్టి వెనుక బల్ల ఖాళీగానే ఉంటుంది.

కృత్రిమ మేధ తీరుస్తుందని ఇప్పుడు ఆశపడుతున్న లోటు ఇదే. లోటు పాతది, సాంకేతికత మీద ఆశ కూడా పాతదే.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో సాగిన 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు టీవీ ప్రసారాలు చేరాయి. సైన్సు బోధనలో వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు వాటి ద్వారానే శిక్షణ ఇచ్చారు. అయితే టీవీ చెప్పగలదు గానీ, వినలేదు. 2004లో శ్రీహరికోట నుంచి విద్య కోసమే ఎగిరిన ఎడ్యుశాట్ ఉపగ్రహంతో అటూ ఇటూ మాట్లాడుకునే వీలు కలిగింది. 2017లో వచ్చిన దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక పాఠాలను ఫోనులోకి తెచ్చింది. తరగతి గదిలో ఏం జరిగిందో మాత్రం వీటిలో దేనికీ తెలియదు.

నా దృష్టిలో ఆ లోటును సరిగ్గా పట్టుకున్నది 1980లలో మొదలై బ్రిటన్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. ఉపాధ్యాయ కేంద్రాల్లో టీచర్లు కలిసి కూర్చుని తమ తరగతుల గురించి మాట్లాడుకునేవారు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాల్లో టీచర్లకు శిక్షణ ఇచ్చే సంస్థలు, అంటే డైట్‌లు, వచ్చాయి. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలు బీఎడ్‌కు రెండేళ్ల చదువును, 20 వారాల ఇంటర్న్‌షిప్‌ను ఖాయం చేశాయి. బడిలో గడిపే వారాలు పెరిగాయి, సంతోషమే. అన్ని వారాలూ పక్కన కూర్చుని చూసేవారు ఎక్కడున్నారు?

2023లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్, శిక్షణ ఫౌండేషన్ కలిసి కర్ణాటక ప్రభుత్వ బడుల్లో 'శిక్షా కోపైలట్'ను పరీక్షించాయి. పాఠ్యపుస్తకం ఆధారంగా అది పాఠ్య ప్రణాళికలు తయారుచేసి ఇస్తుంది. ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవారికి ఇది నిజమైన ఊరట. కొత్తగా నేర్చుకునేవారి సంగతి వేరు. ప్రణాళిక రాస్తూ తలబద్దలు కొట్టుకోవడం కూడా వారి చదువులో భాగమే.

వారికి కృత్రిమ మేధ ఇంకో రకంగా పనికొస్తుంది. పిల్లవాడు చెప్పిన జవాబును రాత్రి తెలుగులో టైపు చేసి, "వాడెందుకలా అనుకున్నాడు?" అని అడగవచ్చు. ఇక్కడ అది మంచి తోడే. కాకపోతే ఆ ఛాత్రోపాధ్యాయురాలు గమనించి చెప్పినదే దానికి తెలుస్తుంది. జవాబు చెప్పకుండా మూడో వరుసలో తల దించుకున్న పాప ఆమె కంటపడకపోతే, ఆ రాత్రి సంభాషణలోకి ఆ పాప రాదు.