ఇండియానాపొలిస్ మ్యూజియం ఆ ఎర్ర ఫెరారీని ఎందుకు అమ్మేసుకుంది?

2025 ఫిబ్రవరిలో పారిస్‌లో జరిగిన వేలంలో ఒక పాత ఎర్ర ఫెరారీ దాదాపు 3.5 కోట్ల యూరోలకి పోయింది. 250 ఎల్ఎం మోడల్, 1965లో ఫ్రాన్స్‌లోని లే మాన్స్ 24 గంటల రేసు గెలిచిన బండి అదే. రేటు సంగతి సరే, అమ్మిందెవరో చూస్తే ఆశ్చర్యమేస్తుంది, అమెరికాలోని ఇండియానాపొలిస్ స్పీడ్‌వే (అంటే రేసు ట్రాకు) మ్యూజియం వాళ్ళు! దశాబ్దాలుగా వాళ్ళ దగ్గరే ఉంది, కానీ మా ట్రాక్‌తో సంబంధం లేని బండ్లు మాకెందుకు, ఆ డబ్బులు మిగతా వాటి బాగుకి పనికొస్తాయి కదా అని అలాంటివి ఇంకో పది కూడా కలిపి అమ్మకానికి పెట్టారు. సంబంధం లేదన్నది పైకి నిజమే, ఆ బండి అక్కడ ఎప్పుడూ రేసులో దిగలేదు. కానీ కాస్త వెనక్కి వెళ్తే అంత తేలిగ్గా అనలేం.

అమెరికాలో రేసులు పెరిగిందే తిరణాళ్ళలో గుర్రప్పందేల కోసం వేసిన గుండ్రటి మట్టి ట్రాకుల మీద. చుట్టూ కంచె, గేటు దగ్గర టికెట్టు, జనం కూర్చున్నచోటు నుంచే మొత్తం కనపడాలి, పెట్టేవాడికి నాలుగు డబ్బులు రావాలి. 1909లో కట్టిన ఇండియానాపొలిస్ దానికే పెద్ద రూపం, రెండున్నర మైళ్ళ చుట్టు, అక్కడి 500 మైళ్ళ రేసంటే 200 చుట్లు, గానుగెద్దులాగా ఎప్పుడూ ఎడమకే తిరగాలి (గానుగెద్దు 200 మైళ్ళ స్పీడులో పోదనుకోండి). ఇటలీలో కథ వేరు, మిల్లే మిలియా అనే రేసు ఉండేది, బ్రెషా ఊరి నుంచి రోమ్‌కి వెళ్ళి తిరిగి రావాలి, వెయ్యి మైళ్ళు, మామూలు రోడ్ల మీదే, ఊళ్ళ మధ్యలోంచి, టికెట్టు లేదు గుమ్మంలో నిలబడి చూడ్డమే.

మరి ఇటలీ బండి ఓవల్ మీద, అంటే ఇలాంటి గుండ్రటి ట్రాకు మీద, పనికిరాదా అంటే, అదీ కాదు. 1939, 40 రెండేళ్ళూ ఇండియానాపొలిస్ 500 గెలిచింది మాసెరాటీయే, నడిపింది విల్బర్ షా. 1941లో కూడా ముందున్నాడు, వెనక చక్రం విరిగి గోడకి కొట్టుకున్నాడు. ఆ రోజు పొద్దున గ్యారేజీల్లో అగ్నిప్రమాదం జరిగింది, బాగాలేని చక్రం మీద సుద్దతో పెట్టిన గుర్తు ఫైరింజన్ నీళ్ళకి కొట్టుకుపోయి అదే బిగించేశారేమోనని షా అనుమానం.

1940 రేసుకే ఒక ఫ్రెంచ్ టీమ్ రెండు మాసెరాటీలు తీసుకొచ్చింది, వాళ్ళతో వచ్చిన ఇటలీ మనిషి లుయీజి కినెట్టి. అప్పటికే లే మాన్స్ రెండుసార్లు గెలిచాడు. యుద్ధం వల్ల వెనక్కి వెళ్ళకుండా అక్కడే ఉండిపోయాడు. నా లెక్కలో అసలు కథ ఈయనదే. 1949లో 24 గంటల్లో 22 గంటలకి పైగా తనే నడిపి ఫెరారీకి మొదటి లే మాన్స్ గెలిపించాడు, ఆ తర్వాత అమెరికాలో ఫెరారీలు అమ్మే పనిలో పడ్డాడు.

కొనేవాళ్ళెవరు? ఓవల్ దగ్గర స్టాండ్స్ నింపే జనం కాదు. యుద్ధం తర్వాత యూరప్ తరహా రోడ్డు రేసుల మోజు పట్టిన డబ్బున్నోళ్ళు. 1948లో వాట్కిన్స్ గ్లెన్ అనే ఊరి రోడ్ల మీద మొదటి రేసు పెట్టుకుంటే ఇటలీ బండి ఆల్ఫా రోమియోయే గెలిచింది. తర్వాత ఫ్లోరిడాలో పాత మిలటరీ విమానాశ్రయం సిమెంటు పలకల మీద సెబ్రింగ్ 12 గంటల రేసు మొదలైంది, 1961 నుంచి 64 దాకా వరసగా నాలుగేళ్ళు ఫెరారీలే. బండ్ల పేర్లు చూడండి, అమెరికా, సూపర్ అమెరికా, కాలిఫోర్నియా. ఇటలీలో తయారయ్యే బండికి ఆ పేరెందుకంటే కొనేవాడు అక్కడున్నాడు కాబట్టి.

గానుగ దగ్గర మాత్రం ఫెరారీకి కలిసిరాలేదు. 1952లో ఫెరారీ డ్రైవర్ అస్కారి ఇండియానాపొలిస్ వచ్చాడు, 40వ చుట్టులో తీగల చక్రం కూలిపోయింది, అంతే. మళ్ళీ చక్రమే! ఎప్పుడూ ఒకవైపే తిరిగితే కుడివైపు చక్రాల మీద పడే బరువు రోడ్డు రేసులో పడేదానికి పొంతనే ఉండదు. ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్‌షిప్ లెక్కలోకొచ్చే రేసుల్లో ఆయన దిగి గెలవనిది అదొక్కటే, మిగతా ఆరూ గెలిచేశాడు.

ఇక 1963లో ఫోర్డ్ కంపెనీ ఫెరారీని కొనబోయింది, రేసింగ్ మీద పెత్తనం ఎవరిదన్న దగ్గర బేరం చెడింది, అక్కణ్ణుంచి లే మాన్స్‌లో ఫెరారీని ఓడించి తీరాలన్న ఫోర్డ్ పంతం చాలామందికి తెలిసిందే కాబట్టి సాగదీయను. తక్కువమందికి తెలిసింది ఏంటంటే, మన వేలం బండి మోడలే, ఈ 250 ఎల్ఎం, ఇంకో గొడవ పెట్టింది. రేసుల్లో జీటీ క్లాసులో (రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్ల తరగతి) ఒప్పుకోవాలంటే 100 బండ్లు చెయ్యాలి, చేసినవి అందులో మూడో వంతు కూడా లేవు, ఒప్పుకోలేదు. ఇటలీ ఆటోమొబైల్ క్లబ్బు తన తరఫున గట్టిగా నిలబడలేదని కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీకి మండింది, 1964 చివరి రెండు ఫార్ములా వన్ రేసుల్లో ఎప్పుడూ వేసే ఎరుపు మానేసి, అమెరికాలో కినెట్టి నడిపే రేసు టీమ్ రంగుల్లో, అంటే తెలుపు నీలంలో బండ్లు దింపాడు. ఫెరారీ డ్రైవర్ సర్టీస్ ప్రపంచ ఛాంపియన్ అయ్యింది ఆ అమెరికా రంగుల్లోనే.

తర్వాతి ఏడాది లే మాన్స్‌లో ఫోర్డ్ జీటీలన్నీ పోయాయి, ఫెరారీ కంపెనీ బండ్లకి బ్రేక్ డిస్కులు పగిలాయి, కినెట్టి టీమ్ దింపిన ఈ 250 ఎల్ఎం గెలిచింది. నడిపినవాళ్ళు సోడాబుడ్డి కళ్ళద్దాల మాస్టెన్ గ్రెగరీ, అప్పటికి కుర్రాడైన యోకెన్ రింట్. ఫెరారీకి మళ్ళీ అక్కడ గెలుపు 2023లో గానీ రాలేదు.

అంటే ఇండియానాపొలిస్ రేసు కోసం వచ్చి ఆగిపోయిన మనిషి గెలిపించిన బండే, ఇండియానాపొలిస్‌తో సంబంధం లేదని అమ్ముడుపోయింది. షా నడిపిన మాసెరాటీ మాత్రం అమ్మకం లిస్టులో లేదు, మ్యూజియంలోనే ఉంది. ఆ బండి ఒంటి మీద పక్కవైపు పెద్ద అక్షరాలతో ఉండేది మాసెరాటీ పేరు కాదు, ఖర్చు పెట్టుకున్న అమెరికా ఓనరు బాయిల్ పేరు.