కాలువ ముందు, ఫ్యాక్టరీ తర్వాత

మూతబడ్డ నిజామాబాద్ జిల్లా బోధన్ షుగర్ ఫ్యాక్టరీ మళ్లీ తెరుస్తారట అన్న మాట ఎన్నికలొచ్చినప్పుడల్లా లేస్తుంది. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం దీనికోసం కమిటీ కూడా వేసింది. వాదనంతా ప్రైవేటుకు అప్పజెప్పడం చుట్టూ తిరుగుతుంది గానీ, నీళ్ల ఊసు ఎవరూ ఎత్తరు.

అచ్చంపేట, బంజేపల్లి దగ్గర మంజీర నది మీద నిజాంసాగర్ డ్యాం పని 1923లో మొదలై 1931కి పూర్తయింది. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 155 కిలోమీటర్ల ప్రధాన కాలువ, 2.75 లక్షల ఎకరాల ఆయకట్టు. కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి రైతులు వచ్చి భూములు కొని గుడిసెలేసుకున్న చోట్లను ఇప్పటికీ ‘క్యాంపు’లనే అంటాం. 1950లలో డ్యాం దగ్గరే 10 మెగావాట్ల కరెంటుకు టర్బైన్లు పెట్టారు. పొలాలకు పోయే నీళ్లే దారిలో వాటిని తిప్పేవి.

చెరుకు ఏడాది పంట, ఎండాకాలంలోనూ తడి కావాలి. కాలువ ఉంది కాబట్టి చెరుకు, చెరుకు ఉంది కాబట్టి 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ. దాని కోసం వెలసిన కాలనీ పేరే శక్కర్‌నగర్. నరికిన గడ ఆలస్యమైతే తూకమూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. అందుకే చెరుకు ఆడించే క్రషింగ్ సీజన్‌లో రాత్రీ పగలూ బండ్లు వరుస కట్టేవి. వెనక నుంచి గడ గుంజుకుని ఉరకని పిల్లాడు మా ఊళ్లో లేడు, నేనూ గుంజినవాణ్నే. రసం తీసిన పిప్పి బాయిలర్ పొయ్యిలోకి పోయేది, ఆ ఆవిరితోనే మిల్లు నడిచేది. మడ్డి వాసన ఉతికినా బట్టలను వదిలేది కాదు.

ఆ నీళ్లే తగ్గుతూ వచ్చాయి. 29 టీఎంసీలకు పైగా పట్టే నిజాంసాగర్ పూడికతో నిండిపోతే, 1970లలో ఎత్తు పెంచినా 17.8 టీఎంసీల దగ్గరే ఆగింది. పైన సింగూరు డ్యాం కట్టాక మంజీర నీళ్లలో హైదరాబాద్ తాగునీటికీ వాటా పోయింది. ఆయకట్టు చివరి రైతుకు నమ్మకం సడలింది.

2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబర్‌లో బోధన్, ముత్యంపేట, మెదక్ యూనిట్లు మూడింటికీ లే ఆఫ్ ప్రకటించారు. అమ్మకం మీద కోపం న్యాయమైనదే, నాకూ ఉంది. కానీ యాజమాన్యం మారినంత మాత్రాన గడ మొలవదు.

ఇప్పుడు కాలువ కింద ఎక్కువగా వరే. నాలుగు నెలల్లో చేతికొస్తుంది, కొనుగోలు కేంద్రం ఊళ్లోనే ఉంటుంది. గేటు తాళం ఇవాళ తీసినా, క్రషింగ్‌కు గడ రావాలంటే ఏడాది ముందే నాట్లు పడాలి. ఆ ఏడాది ఏప్రిల్, మే నెలల్లో తూములు ఎన్నిసార్లు ఎత్తుతారో చెబితేనే రైతు విత్తనపు గడ కొంటాడు.