గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు, పిల్లల కిడ్నీలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: చిన్నప్పుడు గ్రోత్ హార్మోన్ వాడితే పెద్దయ్యాక కిడ్నీలు పాడవుతాయి.

ఈ భయం ఊరికే పుట్టలేదు. గ్రోత్ హార్మోన్ విపరీతంగా తయారయ్యేలా జన్యువులు మార్చిన ఎలుకల్లో కిడ్నీలో రక్తాన్ని వడపోసే భాగాలు గట్టిపడి దెబ్బతింటాయని 1980ల చివర్లోనే చూశారు. కానీ పిల్లలకిచ్చే డోసుకీ దానికీ పోలికే లేదు. పైగా దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుతో ఎదుగుదల ఆగిన పిల్లలకు మేం రాసేది ఈ మందే. అమెరికాలో 1993లోనే దీనికి అనుమతి వచ్చింది. దీనివల్ల కిడ్నీ పనితీరు తొందరగా పడిపోతుందని ఆ పిల్లల మీద చేసిన అధ్యయనాల్లో తేలలేదు.

అపోహ: ఇంజెక్షన్లు మొదలుపెట్టాక రక్తంలో క్రియాటినిన్ (కండల నుంచి వచ్చి కిడ్నీల ద్వారా బయటకు పోయే వ్యర్థం) పెరిగింది, ఆపేయాలి.

తల్లిదండ్రులు నాకు ఎక్కువగా ఫోన్ చేసేది దీని గురించే. ఆపే ముందు ఒక లెక్క చూడండి. సెంటీమీటర్లలో ఎత్తును 0.413తో గుణించి, క్రియాటినిన్‌తో భాగిస్తే పిల్లల జీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీల వడపోత వేగం, అంచనాగా వస్తుంది. 100 సెంటీమీటర్ల బాబుకు క్రియాటినిన్ 0.8 ఉంటే జీఎఫ్‌ఆర్ సుమారు 52. ఏడాదికి 108 సెంటీమీటర్లకు ఎదిగాడు, క్రియాటినిన్ 0.86 అయింది. ఇప్పుడూ 52 దగ్గరే! కండ పెరిగితే క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది, అంతే. జీఎఫ్‌ఆర్ నిజంగానే తగ్గుతుంటే మాత్రం కారణం వెతకాల్సిందే.

ఇందులో ఇంకో తిరకాసుంది. చాలా ల్యాబులు రిపోర్టులో పెద్దవాళ్ల రేంజే వేస్తాయి. దాని ప్రకారం 0.8 నార్మల్. ఆ బాబుకు కాదు.

అపోహ: ఎత్తు వచ్చింది, ఇంజెక్షన్లు ఆపేశాం, ఇక కిడ్నీ సంగతి అక్కర్లేదు.

అసలు ఆ మందు ఎందుకు వాడారు? జవాబు దాన్నిబట్టే ఉంటుంది. టర్నర్ సిండ్రోమ్ (ఎత్తు ఎదగనివ్వని ఒక క్రోమోజోమ్ లోపం) ఉన్న అమ్మాయిల్లో చాలామందికి పుట్టుకతోనే కిడ్నీ ఆకారంలో తేడా ఉంటుంది. రెండూ కింద అతుక్కుని గుర్రపు నాడాలా ఉండటం అందులో ఒకటి. స్కానింగ్ చేయించారో లేదో ఫైల్లో చూసుకోండి. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు నెఫ్రాన్లు (కిడ్నీలో రక్తాన్ని వడపోసే సూక్ష్మ భాగాలు) తక్కువగా ఉండొచ్చు. వాళ్లు పెద్దయ్యాక కూడా ఏటా బీపీ, యూరిన్‌లో ప్రొటీన్ చూపించుకోవాలి. మెదడులో గడ్డకు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకున్న పిల్లలకు కిడ్నీ దెబ్బతింటే, ముందు అనుమానించాల్సింది ఆ కీమోనే. అందుకే డిశ్చార్జ్ సమ్మరీ పారేయకండి. కేవలం హార్మోన్ లోపంతో వాడిన పిల్లలకు, వేరే సమస్య లేకపోతే, కిడ్నీ కోసం ప్రత్యేక పరీక్షలేం అవసరం ఉండదు.

అపోహ: డయాలసిస్‌లో ఉన్న పిల్లలకు ఇవ్వకూడదు.

ఇవ్వొచ్చు. ఫలితం కాస్త తక్కువగా ఉంటుంది. పారాథైరాయిడ్ హార్మోన్ (రక్తంలో కాల్షియాన్ని నియంత్రించేది) బాగా ఎక్కువగా ఉంటే ముందు దాన్ని అదుపులోకి తెస్తాం. ట్రాన్స్‌ప్లాంట్ అయితే, పిల్లవాడు తనంతట తాను ఎదుగుతాడేమోనని మామూలుగా ఏడాది ఆగి చూస్తాం. ఇంజెక్షన్లు వాడుతుండగా తుంటి, మోకాలు నొప్పితో కుంటుతున్నా, తలనొప్పి వదలకపోయినా, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టర్‌కు వెంటనే చూపించండి.