అయిదు గళ్ల ప్రశ్నావళి మన జిల్లాలకు ఎలా వచ్చింది

శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో ఎంసీఏ, ఎంబీఏ సిస్టమ్స్ చదివేవాళ్లు చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకు ముందుగా వెతుక్కునేది ఒక ప్రశ్నావళి. ‘ఈ వ్యవస్థ నాకు ఉపయోగపడుతుంది’, ‘దీన్ని వాడటం తేలిక’ లాంటి వాక్యాలు, వాటి పక్కన అయిదు గళ్లు. గూగుల్ ఫారం లింకు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. వంద జవాబులు వస్తాయి. గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్‌లో వేస్తే, వాక్యాలు పొసగుతున్నాయో లేదో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా అనే అంకె 0.7 దాటుతుంది, ఒక అధ్యాయం పూర్తవుతుంది. మీసేవ మీద చేసినా, ఫోన్‌పే మీద చేసినా, ఉపాధి హామీ చెల్లింపుల మీద చేసినా ఇదే అచ్చు. ఈ అచ్చు ఎవరి కొలతలకు పోశారో చూస్తే, మన దగ్గరి ఏ సంగతి దాంట్లో ఇముడుతుందో, ఏది ఇమడదో తెలుస్తుంది.

గళ్లు చాలా పాతవి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రెన్సిస్ లికర్ట్ 1932లో మనుషుల వైఖరిని కొలవడానికి వాటిని వాడాడు. ఆయన లెక్కలో కొలబద్ద అంటే ఒక్క ప్రశ్న కాదు, ఒకే వైఖరిని తాకే అనేక వాక్యాలకు వచ్చిన మార్కుల మొత్తం. ఒక్కో ప్రశ్నకు ఒక్కో గుండ్రటి బొమ్మ (పై చార్టు) గీసి దాన్ని లికర్ట్ స్కేల్ అనడం ఆ పద్ధతి కాదు. ఆ వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే ఆల్ఫాను 1951లో లీ క్రాన్‌బాక్ ఇచ్చాడు. 0.7 అనే హద్దు ఆయనది కాదు, జమ్ నన్నలీ పాఠ్యపుస్తకానిది. ఆ పుస్తకం 1967 కూర్పు తొలిదశ పరిశోధనకు 0.5 నుంచి 0.6 చాలన్నది. 1978 కూర్పులో అది 0.7 అయింది. అదే పుస్తకం, వ్యక్తుల విషయంలో నిర్ణయం తీసుకోవాలంటే 0.9 కూడా కనీసమేనని హెచ్చరించింది. ఆ మాట మన ప్రాజెక్టు రిపోర్టుల దాకా రాలేదు.

ఈ ప్రశ్నావళిని మన ప్రాజెక్టులకు అందించిన చదువు, మనుషులూ సంస్థలూ కంప్యూటర్లను ఎలా వాడతారో చూసే సమాచార వ్యవస్థల శాస్త్రం, విడిగా నిలబడింది ఆ తర్వాతే. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో గోర్డన్ డేవిస్ తదితరులు 1968 ప్రాంతంలో ఈ చదువుకు పునాది వేశారు. 1977లో అక్కడి నుంచే ఎంఐఎస్ క్వార్టర్లీ అనే పరిశోధన పత్రిక మొదలైంది. 1980లో ఫిలడెల్ఫియాలో జరిగిన తొలి అంతర్జాతీయ సదస్సులో పీటర్ కీన్ సూటిగానే అడిగాడు: మనం ఏ శాస్త్రాల మీద ఆనుకుని ఉన్నాం, ఒకరి పని మీద ఇంకొకరు ఎప్పుడు కడతారు? పక్కనున్న మేనేజ్‌మెంట్, మనస్తత్వ శాస్త్రాల ముందు చిన్నబోకూడదన్న ఆరాటం కొత్త శాస్త్రానికి ఉండేది. కొలతలు దొరికితే పరువు దొరుకుతుంది.

ఆ కొలత 1989లో దొరికింది. ఫ్రెడ్ డేవిస్ రెండు స్కేళ్లు ప్రచురించాడు: ఉపయోగం ఉందనిపించడం, వాడటం తేలికనిపించడం. ఒక్కోదానికి చివరికి ఆరు వాక్యాలు మిగిల్చాడు. ఆయన గళ్లు ఏడు, అయిదు కాదు. మొదటి అధ్యయనంలో జవాబిచ్చింది టొరంటోలోని ఐబీఎం ల్యాబ్ ఉద్యోగులు 112 మంది, అడిగింది ఈమెయిల్ గురించి, టెక్స్ట్ ఎడిటర్ గురించి. రెండోది బోస్టన్‌లో 40 మంది ఎంబీఏ విద్యార్థులతో, బొమ్మలు గీసే రెండు సాఫ్ట్‌వేర్ల మీద. ఆల్ఫాలు 0.98, 0.94 వచ్చాయి. పని జాగ్రత్తగా చేశాడు, అందులో సందేహం లేదు. అయితే జవాబిచ్చినవాళ్లు చదువుకున్నవాళ్లు, తెర ముందు కూర్చుని తామే టైపు చేసేవాళ్లు, నచ్చకపోతే పక్కన పెట్టగలిగేవాళ్లు. ఆ స్కేళ్లు జవాబు చెప్పే ప్రశ్న ‘వాడతారా, వాడరా?’ అన్నదే.

రేషన్ డిపో దగ్గర ఆ ప్రశ్నకు అర్థం లేదు. వేలిముద్ర పడితే బియ్యం, పడకపోతే మరో దారి చూడాలి, లేదంటే మళ్లీ రావాలి. ‘ఇకముందు కూడా దీన్ని వాడాలని అనుకుంటున్నాను’ అనే వాక్యానికి అక్కడ ఎవరైనా అవుననే అంటారు, అది ఇష్టం కాదు. 2003లో వెంకటేశ్, మోరిస్, ఇద్దరు డేవిస్‌లు (గోర్డన్, ఫ్రెడ్) ఇలాంటి సిద్ధాంతాలను కలిపి కట్టిన ఉమ్మడి నమూనాలో (మోడల్‌లో) ‘స్వచ్ఛందమా, తప్పనిసరా’ అన్నది విడి చలరాశిగా, అంటే విడిగా కొలవాల్సిన అంశంగా, చేరింది. మన ప్రాజెక్టుల్లో తరచుగా ఎగిరిపోయేది సరిగ్గా అదే చలరాశి.

పలాస, కాశీబుగ్గల్లో జీడి పిక్కల పని చేసే ఆడవాళ్లను తీసుకోండి. పిక్క పెంకులోని చమురు చర్మాన్ని కాలుస్తుంది, వేళ్ల గీతలు అరిగిపోతాయి. రేషన్ డిపోలో వేలిముద్ర మిషన్ వాడటం తేలికేనా అంటే తేలికే, వేలు పెట్టడమే కదా. పడనిది ముద్ర. ఈ సంగతి ఫ్రెడ్ డేవిస్ పన్నెండు వాక్యాల్లో ఎక్కడా దొరకదు. కౌంటరు పక్కన నోట్‌బుక్‌తో కూర్చుంటే దొరుకుతుంది. ఒక్కో మనిషికి ఒక్కో వరస: వచ్చిన సమయం, ఏ వేలు, ఎన్నోసారి పడింది, పడకపోతే ఏం చేశారు, వెళ్లిన సమయం. పేరు, ఆధార్ నంబరు రాయకూడదు, వరస సంఖ్య చాలు. నెల మొదటి రోజుల్లో రెండు పూటలు, పంపిణీ ముగిసే రోజుల్లో రెండు పూటలు కూర్చోవాలి. రద్దీ రోజునే చూస్తే సర్వర్ నెమ్మదించడాన్ని వేలి దోషంగా లెక్కకట్టే ప్రమాదం ఉంది.

సర్వేలదే రాజ్యం కావడం మీద ఆ శాస్త్రంలోనే గొంతులు లేచాయి. 1984లో మాంచెస్టర్ సమావేశం చర్చించింది అసలు ఇది శాస్త్రమేనా అని. 1991లో వాండా ఓర్లికోవ్‌స్కీ, జాక్ బరూదీ 1983-88 మధ్య వచ్చిన 155 వ్యాసాలు లెక్కపెడితే 96.8 శాతం ఒకే తాత్విక దారిలో, కొలిచి రుజువు చేయగలిగిందే జ్ఞానమనే ప్రత్యక్షవాద దారిలో ఉన్నాయి. ఆ తర్వాత తలుపులు కొంత తెరుచుకున్నాయి. 1999లో క్లైన్, మయర్స్ క్షేత్ర అధ్యయనాలను తూచడానికి ఏడు సూత్రాలు ఇచ్చారు. అదే ఏడాది వాల్షమ్, సహాయ్ మన దేశంలో జిల్లా పాలనకు తెచ్చిన జీఐఎస్ (కంప్యూటర్ పటాల వ్యవస్థ) ఎందుకు అతకలేదో ఇంటర్వ్యూలతో చూపించారు. 2004లో హెవ్నర్ బృందం, పనికొచ్చే వస్తువును తయారుచేసి పరీక్షించడమూ పరిశోధనేనని నియమాలతో సహా చెప్పింది. యాప్ కట్టే ఎంసీఏ విద్యార్థికి సూటిగా సరిపోయే దారి ఇదే. అయినా యాప్ కట్టాక మళ్లీ అయిదు గళ్లే పంచుతున్నారు.

మన గడపలోనే జరిగిన పరిశోధన మాత్రం తరగతి గదుల్లో అరుదుగా వినిపిస్తుంది. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరిలో మొదలైన తొలి విడత జిల్లాల్లో విజయనగరం ఒకటి. శ్రీకాకుళం 2007లో చేరింది. కూలి డబ్బులు పోస్టాఫీసుల ద్వారా వచ్చేవి. వాటి బదులు ఊళ్లోనే వేలిముద్ర మీద చెల్లించే స్మార్ట్‌కార్డులు తేవాలని ప్రభుత్వం నిర్ణయించినప్పుడు మురళీధరన్, నీహాస్, సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు ఒక ఏర్పాటు కుదుర్చుకున్నారు: ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ తేల్చాలి. ఎనిమిది జిల్లాలు, అందులో ఉమ్మడి విజయనగరం ఒకటి. 112 మండలాలకు ముందు, 45 మండలాలకు చివరన, మధ్యలో 139 మండలాలు, చివరివాళ్లకు కార్డులు వెళ్లేలోపు సర్వే ముగించడానికి కావలసిన వ్యవధి కోసం. తొలి సర్వే 2010లో, రెండోది 2012లో.

నేర్చుకోవలసింది లాటరీ ఒక్కటే కాదు. వాళ్లు ‘అవినీతి తగ్గిందని అనుకుంటున్నారా?’ అని అడగలేదు. ప్రభుత్వ రికార్డులో ఒక కుటుంబానికి ఫలానా వారాల్లో ఎంత చెల్లించినట్టుందో తీసుకుని, ఆ ఇంటికే వెళ్లి ఆ వారాల్లో ఎంత చేతికొచ్చిందని అడిగారు. రెండింటి తేడా కారిపోయిన డబ్బు. జ్ఞాపకం తప్పదా అంటే తప్పుతుంది, కానీ రెండు రకాల మండలాల్లోనూ ఒకేలా తప్పుతుంది కాబట్టి పోలికలో ఆ దోషం చాలామటుకు కొట్టుకుపోతుంది. ముందు వచ్చిన మండలాల్లో కూడా సగం చెల్లింపులే కార్డుల మీద నడిచాయి. అయినా కార్డు నడిచిన ఊళ్లను మాత్రమే ఏరుకోలేదు. చురుకైన అధికారులున్న చోటే కార్డు ముందు నడుస్తుంది. అలా ఏరితే అధికారి గొప్ప కార్డు ఖాతాలో పడుతుంది. లాటరీ కేటాయింపు ప్రకారమే పోల్చారు. డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం 22 నిమిషాలు తగ్గింది. ఖజానా ఖర్చు పెరగకుండానే కూలీల రాబడి 24 శాతం పెరిగింది, కారడం 41 శాతం తగ్గింది.

విద్యార్థి ఒక్కడు 157 మండలాలు తిరగలేడు, నిజమే. రెండు రికార్డులను ఎదురెదురుగా పెట్టడం మాత్రం ఒక్క పంచాయతీలోనూ చేయొచ్చు.

ఎంతమందిని అడగాలన్న నమూనా సంఖ్య దగ్గర మరో పాత అచ్చు ఉంది, 384. నమ్మకం 95 శాతం, తప్పు అటూ ఇటూ 5 శాతం అనుకుంటే 1.96 వర్గాన్ని 0.25తో హెచ్చించి 0.0025తో భాగిస్తే 384.16 వస్తుంది. ఇది జాబితా నుంచి లాటరీ తీసి ఎంచుకున్నప్పటి లెక్క. వాట్సాప్‌లో వచ్చిన 384 మందికి ఇది వర్తించదు. ఊరికి 20 మంది చొప్పున అడిగితే ఒక ఊరి జవాబులు ఒకేలా ఉంటాయి. ఆ పోలిక (సున్నా అంటే పోలికే లేదు, 1 అంటే ఊరంతా ఒకటే జవాబు) 0.1 అనుకుంటే, ఒకటికి మిగతా 19 మంది పేరిట 19 × 0.1 కలిపి 2.9 రెట్లు, అంటే 1,114 మంది కావాలి. ఊరికి 8 మందే అయితే 1.7 రెట్లు, 653 మంది చాలు, ఊళ్లు 82 తిరగాలి. అంత శక్తి లేకపోతే జిల్లా శాతాలు చెప్పడం మాని ఒక గ్రామ సచివాలయాన్ని లోతుగా చూడటం మేలు. ఇంకొకటి, తాళం వేసిన ఇల్లు కనబడగానే పక్కింటికి వెళ్లకూడదు. వేర్వేరు వేళల్లో మూడుసార్లు చూసి, దొరకకపోతే ‘వలస’ అని రాసుకోవాలి. హైదరాబాద్, చెన్నై, గుజరాత్‌లోని చేపల రేవు వెరావల్ వెళ్లినవాళ్లే ఫోన్‌లో ఇంటికి డబ్బు పంపేవాళ్లు. వాళ్లను వదిలేస్తే చెల్లింపుల అధ్యయనంలో అసలు మనుషులు పోయినట్టే.

ఇక భాష. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గిరిజనుల భాష సవర నేర్చుకున్నది మాట్లాడేవాళ్ల నోటి నుంచి. ఆయన పుట్టిన నేల మీద ‘వినియోగ సౌలభ్యం పట్ల మీ సంతృప్తి స్థాయి’ అని అడుగుతున్నాం. సచివాలయ ఉద్యోగి పక్కన నిలబడి ఉండగా అడిగితే వచ్చే జవాబు ఒక్కటే, ‘బాగానే ఉంది బాబూ’. ప్రశ్నలు ఖరారు చేసేముందు వేర్వేరు ఊళ్లలో ఎనిమిది పది మందికి పైకి చదివి వినిపించి, ‘నేనేం అడిగానో మీ మాటల్లో చెప్పండి’ అనాలి. సీతంపేట కొండల్లో అయితే సవర తెలిసిన మనిషితో ఈ పని చేయించి, ఆ జవాబును ఇంకొకరితో మళ్లీ తెలుగులోకి చెప్పించుకోవాలి. ఇద్దరి కంటే ఎక్కువమంది తడబడిన ప్రశ్నను వాళ్లు వాడిన మాటలతో తిరగరాసి, కొత్తవాళ్లకు వినిపించాలి. ‘మిషన్ దగ్గర వేలు ఎన్నిసార్లు పెట్టారు?’ అనే ప్రశ్న అలా చదివితేనే పుడుతుంది. దానికి గళ్లు అక్కర్లేదు, ఒక అంకె రాసుకోవడానికి చోటు చాలు.