మేనత్త మునగాకు పొడి, బూజు పట్టిన గడ్డి, ఎలుకల మందు

నర్సంపేట దగ్గర ఉండే మా మేనత్తకు ఎనిమిదేళ్ల కింద గుండె వాల్వ్ మార్చారు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం రక్తం పలచబరిచే గోళీ, నెలకోసారి హనుమకొండకు పోయి ఐఎన్ఆర్ పరీక్ష, అంటే రక్తం గడ్డ కట్టడానికి ఎంత సేపు పడుతోందో చూసే లెక్క. మామూలు మనిషికి ఆ అంకె 1 దగ్గర ఉంటుంది, ఆమె లాంటివాళ్లకు 2.5కు, 3.5కు మధ్య ఉండేలా డాక్టర్లు చూస్తారు. మొన్న ఎండాకాలంలో అది 1.4కు పడిపోయింది. అంటే వాల్వ్ మీద రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉందన్నమాట, ఇంట్లో అందరికీ టెన్షన్. ఒక్క గోళీ కూడా మానలేదని అత్త ఒట్టేసి చెప్తుంది. తీరా ఆరా తీస్తే, మోకాళ్ల నొప్పులకు మంచిదని ఎవరో చెప్పారట, రెండు నెలలుగా పూటకు రెండు చెంచాల మునగాకు పొడి అన్నంలో కలుపుకుని తింటోంది. "ఆకే కద బిడ్డా, ఆకుతోని ఏమైతది?" అంది.

ఆకుతో ఏమవుతుందో నిజానికి మనకు చిన్నప్పుడే తెలుసు. మోకాలు చెక్కుకుపోతే నల్లారం ఆకు నలిపి రసం పిండేవాళ్లం, అదే ఆకుతో పలక కూడా తుడిచేవాళ్లం. పుస్తకాల్లో గడ్డి చామంతి అంటారు, కొన్ని ఊళ్లలో గాయపాకు. తమాషా ఏమిటంటే అది మన మొక్కే కాదు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దానికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు అది మెక్సికోలోని వెరాక్రూజ్‌లో దొరుకుతుందని రాశాడు. వరంగల్‌లోని మన ఎనుమాముల మార్కెట్‌ను ఎర్రగా చేసే మిరపకాయ లాగే ఇదీ అమెరికా ఖండం నుంచి వలస వచ్చిందే. అందుకే ఎవరైనా దీన్ని "వేల ఏళ్ల నాటి మన ఋషుల మందు" అంటే నాకు నవ్వొస్తుంది. ఏ ఋషీ చెప్పకుండానే ఈ కొత్త కలుపు మొక్కను గాయం మీద పెట్టి చూసిన ఎవరో పేరు తెలియని రైతుకు ఆ గొప్పదనం దక్కాలి కదా.

మొక్క కొత్తదైనా ఆలోచన మాత్రం పాతదే. సుశ్రుత సంహితలో రక్తం ఆపడానికి నాలుగు ఉపాయాలు ఉన్నాయి: సంధానం, స్కందనం, పాచనం, దహనం. వగరు వస్తువులతో గాయాన్ని దగ్గరికి చేర్చడం, చల్లదనంతో రక్తాన్ని చిక్కబరచడం, బూడిదతో ఆరబెట్టడం, ఏదీ పనిచేయకపోతే కాల్చడం. ఇందులో మొదటిది, ఆ వగరు, చాలా ఆకుమందుల వెనక ఉన్న కిటుకు. వగరంటే టానిన్లు. మన దగ్గర తంగేడు చెక్కతో లందలో తోలు ఊరబెట్టేవాళ్లు కదా, ఆ చెక్కలో ఉన్నవీ అవే. ప్రోటీన్లను పట్టుకుని బిగిస్తాయి. కరక్కాయ నోట్లో వేసుకుంటే నాలుక ముడుచుకుపోయేదీ అందుకే. గడ్డం గీసేటప్పుడు తెగితే మంగలి పటిక రాస్తాడు చూశారా, పదార్థం వేరైనా అక్కడ జరిగేది దాదాపు ఇలాంటిదే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. గాజు గొట్టంలో రక్తం పోసి ఆకు రసం కలిపితే తొందరగా గట్టిపడింది అనుకోండి. రక్తం తన పద్ధతిలో గడ్డ కట్టిందా, లేక టానిన్ల వల్ల ప్రోటీన్లు ఊరికే ముద్దగా మారాయా? పాలు తోడుకుని పెరుగైనా గట్టిపడతాయి, నిమ్మరసం పిండితే విరిగి ముద్దకడతాయి, రెండూ ఒకటి కాదు. "ఫలానా ఆకు రసంతో రక్తం గడ్డ కట్టే సమయం తగ్గింది" అని చదివినప్పుడల్లా తోడుకుందా, విరిగిందా అని నేనైతే అడుగుతాను.

సరే, అత్త గోళీ సంగతికొద్దాం. అది పుట్టింది పశువుల కొట్టంలో.

1920లలో కెనడాలో, అమెరికా ఉత్తరాన పశువులు వింతగా చావడం మొదలైంది, కొమ్ము కోసినా, చిన్న గాయమైనా నెత్తురు ఆగేది కాదు. స్వీట్ క్లోవర్ అనే మేత గడ్డి వానకు తడిసి బూజు పట్టినప్పుడే ఇలా జరుగుతోందని ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు కనిపెట్టాడు. ఒక కుందేలుకు మంచి గడ్డి, ఇంకోదానికి బూజు గడ్డి పెడితే రెండోది చచ్చిపోయింది. పారేయండి అంటే రైతులు ఎక్కడ పారేస్తారు, ఉన్న మేతే అంత, తడిసిన వరిగడ్డిని మనం పారేస్తామా? 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్‌లో ఒక రైతు మంచు తుఫానులో సుమారు 300 కిలోమీటర్లు బండి నడిపి, చచ్చిన పెయ్యతో, గడ్డ కట్టని రక్తం ఉన్న డబ్బాతో మాడిసన్‌లోని యూనివర్సిటీకి వచ్చాడు. అక్కడి కార్ల్ పాల్ లింక్ బృందం ఆరేళ్లకు పైగా తంటాలు పడి, 1939లో ఆ గడ్డిలోని అసలు పదార్థాన్ని పట్టుకుంది. ఆ గడ్డికి తియ్యటి వాసన తెచ్చేది కౌమరిన్, బూజు దాన్ని డైకుమరాల్‌గా మారుస్తుంది.

దాని నుంచి తయారైన వార్ఫరిన్ 1948లో బజారుకొచ్చింది, కాకపోతే ఎలుకల మందుగా. 1951లో అమెరికా సైన్యంలో చేరిన ఒక కుర్రాడు చనిపోదామని అదే తిన్నాడు, విటమిన్ కె ఇస్తే బతికి బయటపడ్డాడు. విరుగుడు ఉంది కాబట్టి మనుషులకూ ఇవ్వొచ్చన్న ధైర్యం వచ్చింది, 1954లో అనుమతి దొరికింది. మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు కూడా అదే ఇచ్చారు. మన వరి పొలాల్లో ఎలుకలకు పెట్టే బ్రోమాడయోలోన్ బిళ్లలూ ఆ వంశమే. అత్త గోళీల అట్ట మీద చిన్న అక్షరాల్లో ఎసినోకౌమరాల్ అని ఉంటుంది, పేరులోనే ఆ గడ్డి కనబడుతుంది.

ఇక ఆ విటమిన్ కె. డెన్మార్క్‌లో హెన్రిక్ డామ్ కోడిపిల్లలకు కొవ్వు లేని మేత పెడితే వాటికి రక్తస్రావం మొదలైంది. ఏం లోపించిందో వెతికి పట్టుకుని, గడ్డ కట్టడాన్ని అక్కడి భాషలో కె అక్షరంతో (Koagulation) రాస్తారు కాబట్టి అదే పేరు పెట్టాడు. 1943 నోబెల్‌లో సగం ఆయనదే. మన కాలేయం రక్తాన్ని గడ్డకట్టించే కొన్ని ప్రోటీన్లు తయారుచేయడానికి ఈ విటమిన్ కావాలి, అత్త గోళీ సరిగ్గా ఆ పనికే అడ్డుపడుతుంది. ఆ విటమిన్ ఎక్కువగా ఉండేది పచ్చని ఆకుల్లో. పెద్దవాళ్లకు రోజుకు 100 మైక్రోగ్రాములు, అటూఇటూగా చాలు, 100 గ్రాముల పాలకూరలోనే 480 దాకా ఉంటుంది. ఎండబెట్టి పొడి కొట్టిన మునగాకు అంటే ఆకు మొత్తం చెంచాలోకి వచ్చినట్టే. అంటే రెండు నెలలుగా అత్త సాయంత్రం మందు, పగలు దాని విరుగుడు తింటోంది.

ఎల్లిగడ్డ (వెల్లుల్లి) ది ఇంకో దారి. 1984లో అందులోంచి అజోయిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు, అది రక్తం గడ్డ కట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు అనే కణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా చేస్తుంది. చారులో వేసే నాలుగు రెబ్బలకు భయపడక్కర్లేదు కానీ, గోళీల రూపంలో తినేవాళ్లు ఆపరేషన్‌కు ముందు డాక్టరుకు చెప్పాల్సిందే.

అత్తను డాక్టరు ఆకుకూరలు మానమనలేదు, పుంటికూరైనా కొయ్యగూరైనా ప్రతివారం దాదాపు ఒకే లెక్కలో తినమన్నారు, పొడి మాత్రం ఆపమన్నారు. తర్వాతి నెల ఐఎన్ఆర్ 2.7 వచ్చింది. పొడి డబ్బాను ఆమె పారేయలేదు. మామకు ఏ గోళీలూ లేవు కాబట్టి ఇప్పుడు అది ఆయన కంచంలో పడుతోంది.